మీ ఫోటో పేరు 0001 ఎందుకైంది? ఫైల్ పేర్ల 60 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ చూస్తూనే ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో ఫైల్ మేనేజర్ ఓపెన్ చేసి డీసీఐఎం అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ అయితే కచ్చితంగా ఉంటుంది. డిజిటల్ కెమెరా ఇమేజెస్ అన్నదానికి అది షార్ట్ ఫామ్. ఐఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టినా అదే పేరు కనిపిస్తుంది. కంపెనీలు వేరు, ఫోన్లు వేరు, ఫోల్డర్ పేరు మాత్రం ఒకటే. లోపల ఐఫోన్‌లో అయితే ఐఎంజీ అండర్‌స్కోర్ 0001 లాంటి పేర్లు. మీ చెల్లి పెళ్లి ఫోటో అయినా, కరెంట్ బిల్లు ఫోటో అయినా అదే వరస.

ఈ పేరు ఎవరు పెట్టారు? ఎందుకు ఇలా పెట్టారు? వందల ఫైళ్ల పేర్లు ఒకేసారి మార్చాలంటే స్క్రిప్ట్ ఎందుకు రాయాల్సి వస్తుంది? ఒక్కోసారి అలాంటి స్క్రిప్ట్ వల్ల డేటా ఎందుకు పోతుంది? ఇవన్నీ వేరు వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ కథ ఒక్కటే. 1960ల దగ్గర మొదలుపెడదాం.

ఆరు అక్షరాల రోజులు

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో అనే ఆయన టీమ్ సీటీఎస్ఎస్ అనే సిస్టమ్ చూపించింది. ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకునే పద్ధతి అది. ఇంతమంది వాడుతున్నారంటే ఎవరి ఫైల్ ఏదో తెలియాలి, అంటే పేరు ఉండాలి. అక్కడ ఒక్కో ఫైల్‌కి రెండు ముక్కల పేరు, ఒక్కో ముక్కలో ఆరు అక్షరాలు.

ఆరే ఎందుకు? ఆ ఐబీఎం మెషీన్‌లో మెమరీ 36 బిట్ల ముక్కలుగా ఉండేది. అప్పట్లో ఒక అక్షరానికి 6 బిట్లు. ఆరారులు 36. అంటే పేరులో ఒక ముక్క సరిగ్గా మెమరీలో ఒక ముక్కలో పడుతుంది. మనిషికి సౌకర్యం చూసి పెట్టిన లెక్క కాదు, మెషీన్ కొలత చూసి పెట్టిన లెక్క. మన పేరు అప్లికేషన్ ఫారంలో గళ్లకి సరిపోక కుదించి రాస్తాం చూడండి, అలాంటిదే.

తర్వాత డెక్ కంపెనీ మెషీన్లలో ఆరు అక్షరాల పేరు, దాని తర్వాత మూడు అక్షరాల తోక వచ్చింది. ఈ తోకే మనం ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ అంటున్నది. 1974లో గ్యారీ కిల్డాల్ అనే ఆయన చిన్న కంప్యూటర్ల కోసం సీపీఎం అనే సిస్టమ్ రాశారు. డెక్ మెషీన్ల అలవాట్లు అందులో చాలా కనిపిస్తాయి. ఆయన పేరుకి 8 అక్షరాలు, తోకకి 3 ఇచ్చారు. 1980లో టిమ్ పాటర్సన్ రాసిన సిస్టమ్ సీపీఎం పద్ధతినే ఫాలో అయింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీతో పాటు అదే డాస్‌గా బయటికొచ్చింది. అలా 8 ప్లస్ 3 లెక్క ప్రపంచమంతా పాకింది.

ఇప్పుడు ఫోటో దగ్గరికి రండి. 1998లో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం డిజిటల్ కెమెరాల కోసం డీసీఎఫ్ అనే స్టాండర్డ్ తెచ్చింది. ఒక కంపెనీ కెమెరా కార్డు తీసి ఇంకో కంపెనీ మెషీన్‌లో పెట్టినా ఫోటోలు కనపడాలన్నది దాని ఉద్దేశం. మెమరీ కార్డుల్లో ఉన్నది డాస్ కాలం నాటి ఫైల్ సిస్టమే. అందుకే పేరు 8 అక్షరాల్లోనే ఉండాలి. మొదటి నాలుగు కంపెనీ ఇష్టం, తర్వాతి నాలుగు అంకెలు, 0001 నుంచి 9999 వరకు. ఫోటోలన్నీ డీసీఐఎం ఫోల్డర్‌లో పెట్టాలన్నది కూడా అందులోని రూలే.

అంటే మీ ఫోటో పేరులో ఆ నాలుగంకెల నంబర్, 1974 నాటి సీపీఎం నుంచి డాస్ మీదుగా, కెమెరా కార్డు మీదుగా మీ జేబులోకి వచ్చిన వారసత్వం అన్నమాట. 9999 దాటితే నంబర్ మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు ఒకే పేరుతో రెండు ఫోటోలు తయారవుతాయి. వేరు వేరు ఫోల్డర్లలో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. రెండూ ఒకే చోటికి కాపీ చేసిన రోజున గొడవ మొదలు.

పేరు మార్చడం అంటే అసలు ఏం జరుగుతుంది?

కథ ముందుకెళ్లే ముందు ఒక చిన్న కాన్సెప్ట్. 2 జీబీ సినిమా కాపీ చేయాలంటే టైమ్ పడుతుంది. అదే సినిమాకి పేరు మార్చండి, చిటికెలో అయిపోతుంది. ఎందుకంటే పేరు ఫైల్ లోపల ఉండదు.

కాలేజీ అటెండెన్స్ రిజిస్టర్ గుర్తు తెచ్చుకోండి. అందులో ఒక పేరు, పక్కన రోల్ నంబర్. ఫోల్డర్ అంటే అలాంటి రిజిస్టరే. యూనిక్స్ సిస్టమ్స్‌లో ఆ రోల్ నంబర్‌ని ఐనోడ్ నంబర్ అంటారు. పేరు మార్చడమంటే రిజిస్టర్‌లో పేరు కొట్టేసి కొత్తది రాయడమే. స్టూడెంట్ తన బెంచీలోనే కూర్చుని ఉంటాడు, అతనికేం తెలీదు.

కానీ ఒక తేడా ఉంది. క్లాసులో ఇద్దరు సాయికుమార్‌లు ఉండొచ్చు. ఒక ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండటానికి వీల్లేదు. మరి మీరు పెట్టబోయే కొత్త పేరుతో అప్పటికే ఒక ఫైల్ ఉంటే? ఇక్కడే డాస్, యూనిక్స్ రెండూ రెండు దారుల్లో వెళ్లాయి.

డాస్ దారి

సీపీఎంలో ఒక్కో ఫైల్‌కి ఒక్కోసారి పేరు మార్చుకోవాలి. డాస్‌లో మాత్రం గుంపుగా మార్చే వీలు వచ్చింది. రెన్ అనే కమాండ్ కొట్టి, స్టార్ డాట్ టీఎక్స్‌టీ, స్టార్ డాట్ డాక్ అని రాస్తే చాలు. ఫోల్డర్‌లో ఉన్న టెక్స్ట్ ఫైళ్లన్నిటికీ తోక మారిపోతుంది. 200 ఉన్నా ఒకటే లైను. స్టార్ అంటే ఏదైనా అని అర్థం.

వినడానికి సూపర్‌గా ఉంది కదా. కానీ లోపల జరిగేది వేరు. డాస్ పేరుని ఒక పదంలా చూడదు, గళ్ల వరసలా చూస్తుంది. మొదటి గడి, రెండో గడి, అలా. కొత్త పేరులో మీరు రాసిన అక్షరం ఏ గడిలో ఉంటే పాత పేరులో ఆ గడి మీద పడుతుంది.

ఒక ఉదాహరణ చెప్తా. మీ దగ్గర 93-1, 93-2, 93-3 అని మూడు ఫైళ్లున్నాయి. 93 బదులు 1993 అని పూర్తిగా రాయాలనుకున్నారు. 93 స్టార్‌ని 1993 స్టార్ చెయ్యి అని చెప్పారు. మీరు అనుకునేది 1993-1 వస్తుందని. డాస్ ఏం చేస్తుంది? కొత్త పేరులో నాలుగు అంకెలున్నాయి కాబట్టి పాత పేరులో మొదటి నాలుగు గళ్లూ తుడిచేసి 1993 రాస్తుంది. గీత పోయింది, చివరి అంకె కూడా పోయింది. మిగిలింది ఉత్త 1993. రెండో ఫైల్‌కి కూడా అదే పేరు రావాలి, అప్పటికే అది ఉంది. డాస్ ఒప్పుకోదు, డూప్లికేట్ ఫైల్ నేమ్ అని ఎర్రర్ ఇస్తుంది.

పని చెడింది కానీ ఏ ఫైలూ పోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

యూనిక్స్ దారి

యూనిక్స్ 1971లో మొదటి ఎడిషన్ వచ్చేసరికి పేరుకి 8 అక్షరాలే. తర్వాత 14 అయింది. 1983లో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల 4.2 బీఎస్‌డీలో అది 255కి పెరిగింది. పేరు పొడవు విషయంలో యూనిక్స్ ముందే మేల్కొంది.

కానీ గుంపుగా పేర్లు మార్చే విషయంలో ఒక వింత ఉంది. ఇక్కడ పేరు మార్చే కమాండ్‌ని ఎంవీ అంటారు, మూవ్ అన్నమాట. డాస్ అలవాటుతో ఎంవీ స్టార్ డాట్ టీఎక్స్‌టీ, స్టార్ డాట్ డాక్ అని కొడితే పని జరగదు. ఎందుకంటే యూనిక్స్‌లో ఆ స్టార్ ఎంవీ దాకా చేరదు. మధ్యలో షెల్ అనే ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని, దానికి సరిపోయే ఫైళ్ల పేర్లన్నీ పూర్తిగా రాసి, ఆ లిస్టుని ఎంవీ చేతికిస్తుంది. మొదట్లో ఈ పనికి గ్లోబ్ అనే వేరే ప్రోగ్రామే ఉండేది. గ్లోబల్ అన్నదాన్ని కుదించిన పేరు. ఇవాళ పైథాన్‌లో మీరు చూసే గ్లోబ్ ఆ వంశమే.

ఈ పద్ధతికి పెద్ద లాభముంది. స్టార్ అంటే ఏంటో ఒక్క షెల్‌కి తెలిస్తే చాలు, మిగతా కమాండ్లన్నిటికీ ఉచితంగా వస్తుంది. నష్టం కూడా ఉంది. ఒక ఫోల్డర్‌లో రెండే రెండు టెక్స్ట్ ఫైళ్లున్నాయి, ఏ, బీ అనుకుందాం. మీరు ఎంవీ స్టార్ డాట్ టీఎక్స్‌టీ అని రాసి, రెండో భాగం రాయకముందే ఎంటర్ నొక్కేశారు. షెల్ దాన్ని ఎంవీ ఏ, బీ అని మార్చి ఇస్తుంది. ఎంవీకి అది నిఖార్సైన ఆర్డర్. ఏ ఫైల్‌కి బీ అని పేరు పెడుతుంది. పాత బీ? పోయింది. ఎర్రర్ లేదు, ఆర్ యూ షూర్ అని ప్రశ్న లేదు. మామూలుగా ఎంవీ అడగదు, అడగమని మనం చెబితే తప్ప.

డాస్ తెలివితక్కువది కానీ ఆపింది. యూనిక్స్ తెలివైనది కానీ మీరు చెప్పారు కదా అని చేసేసింది. తప్పు ఎవరిదని నన్నడిగితే, నేను యూనిక్స్ పక్షమే అయినా, ఈ ఒక్క విషయంలో డాస్‌కే మార్కులేస్తా.

స్క్రిప్టుల కాలం

మరి యూనిక్స్ వాళ్లు గుంపుగా ఎలా మార్చుకున్నారు? లూప్ రాసుకున్నారు. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో బోర్న్ షెల్ వచ్చింది. అందులో ఫర్ లూప్ ఉంది. ఈ లిస్టులో ఒక్కో ఫైల్ తీసుకో, పాత తోక కత్తిరించు, కొత్త తోక అతికించు, ఎంవీ చెయ్యి. మూడు లైన్ల పని. బీటెక్ ల్యాబ్‌లో లినక్స్ చేసినవాళ్లు ఇది రాసే ఉంటారు.

1987లో లారీ వాల్ పెర్ల్ భాషని విడుదల చేశారు. ఆయన భాషాశాస్త్రం చదువుకున్న మనిషి. పెర్ల్ బలమంతా పదాల్లో ప్యాటర్న్‌లు వెతికి మార్చడంలోనే. ఆయనే రీనేమ్ అనే ఒక చిన్న స్క్రిప్ట్ కూడా రాశారు. పేరులో ఈ ముక్క ఎక్కడుంటే అక్కడ ఆ ముక్క పెట్టు అని చెబితే, ఇచ్చిన ఫైళ్లన్నిటికీ చేసేస్తుంది. డాస్‌లో కుదరని 93 నుంచి 1993 మార్పు ఇందులో ఒక్క ముక్కలో అయిపోతుంది. దాని వారసులు ఇవాళ్టికీ లినక్స్‌లో దొరుకుతాయి. ఒక జాగ్రత్త, లినక్స్‌లో రీనేమ్ అనే పేరుతోనే వేరే టూల్ కూడా ఉంది, రాసే పద్ధతి పూర్తిగా వేరు. పేర్లు మార్చే టూల్‌కే పేరు గొడవ అన్నమాట.

విండోస్ వైపు చూస్తే, 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. పేరుకి 255 అక్షరాల వరకు, మధ్యలో స్పేస్ కూడా పెట్టుకోవచ్చు. పాత డాస్ ప్రోగ్రామ్‌లు చచ్చిపోకూడదని ప్రతి పెద్ద పేరుకీ వెనకాల ఒక పొట్టి పేరు కూడా ఉంచారు. ఆరు అక్షరాలు, ఒక టిల్డ్ గుర్తు, ఒక అంకె. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ని పాత కంప్యూటర్లలో అలా చూసినవాళ్లకి గుర్తుంటుంది. 2001లో ఎక్స్‌పీ వచ్చాక చాలా ఫైళ్లు సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కితే బ్రాకెట్లో 1, 2, 3 అని పేర్లు పడటం మొదలైంది. మ్యాక్‌లో ఫైండర్‌కి ఈ సౌకర్యం 2014లో వచ్చింది.

స్పేస్ చేసిన పని

పేరులో స్పేస్ మనిషికి హాయి. స్క్రిప్ట్‌కి మాత్రం గండం. షెల్‌కి స్పేస్ అంటే ఇక్కడ ఒక మాట అయిపోయింది అని అర్థం. రాము పెళ్లి అనే ఫైల్‌ని కొటేషన్ మార్కులు లేకుండా ఇస్తే, రాము ఒక ఫైల్, పెళ్లి ఇంకో ఫైల్ అనుకుంటుంది.

2001 నవంబర్‌లో యాపిల్ ఐట్యూన్స్ 2 విడుదల చేసింది. మ్యాక్ ఓఎస్ టెన్ కోసం ఇచ్చిన ఇన్‌స్టాలర్‌లో పాత ఐట్యూన్స్‌ని తీసేసే ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ ఉంది. అందులో డ్రైవ్ పేరు చుట్టూ కొటేషన్ మార్కులు పెట్టలేదు. డ్రైవ్ పేరులో స్పేస్ ఉన్న కొందరి కంప్యూటర్లలో ఆ స్క్రిప్ట్ పాత ఐట్యూన్స్‌కి బదులు డ్రైవ్‌లో ఉన్న డేటానే చెరిపేసింది. యాపిల్ వెంటనే దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1 వెర్షన్ ఇచ్చింది. పాటలు వినడానికి ఒక యాప్ వేసుకున్న మనుషులు వాళ్లు. వాళ్ల తప్పల్లా డిస్కుకి రెండు పదాల పేరు పెట్టుకోవడమే.

వరస తప్పితే సైన్స్ తప్పింది

ఈ ఎపిసోడ్ చెయ్యాలనిపించింది అసలు ఈ సంఘటన వల్లే.

కెమిస్ట్రీలో ఒక కొత్త పదార్థం దొరికితే దాని నిర్మాణం ఏంటో తేల్చడానికి ఎన్ఎంఆర్ అనే టెస్టు చేస్తారు. కంప్యూటర్‌లో కూడా లెక్క కట్టి, రెండూ సరిపోతున్నాయా అని చూస్తారు. 2014లో విలోబీ, హోయ్ తదితర శాస్త్రవేత్తలు ఈ లెక్క ఎలా కట్టాలో వివరిస్తూ ఒక పేపర్ రాసి, పైథాన్ స్క్రిప్టులు కూడా ఇచ్చారు. చాలామంది వాడుకున్నారు.

2019లో హవాయి యూనివర్సిటీ వాళ్లు ఒక సయనోబ్యాక్టీరియా నుంచి తీసిన పదార్థాల మీద పనిచేస్తూ ఇదే స్క్రిప్ట్ వాడారు. ఒకే డేటా, ఒకే స్క్రిప్ట్. విండోస్ 10లో 173.2 అని వచ్చింది. ఉబుంటు 16లో 172.4. మ్యాక్ మొహావేలో 172.7. ఇది ఎలా సాధ్యం?

ఆ స్క్రిప్ట్ గ్లోబ్‌తో ఫైళ్ల లిస్ట్ తీసుకుని, ఒక రకం ఫైల్‌కి ఇంకో రకం ఫైల్‌ని జత కలుపుతుంది. లిస్ట్ ఎప్పుడూ పేర్ల వరసలోనే వస్తుందన్న నమ్మకంతో రాశారు. కానీ పైథాన్ అలాంటి హామీ ఎక్కడా ఇవ్వలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వరసలో ఇస్తే అదే. కొన్ని సిస్టమ్స్‌లో వరస మారింది, ఒకదాని లెక్క ఇంకోదానికి అతుక్కుంది. ఎగ్జామ్ హాల్లో పేపర్లు కలిసిపోయి ఒకడి మార్కులు ఇంకొకడికి పడినట్టు. ప్రోగ్రామ్ క్రాష్ కాలేదు, ఒక తప్పు నంబర్ నిశ్శబ్దంగా బయటికొచ్చింది.

పరిష్కారం? సార్ట్ అని ఒక మాట. లిస్ట్‌ని ముందు వరసలో పెట్టు అని చెప్పడం. హవాయి టీమ్ దాన్ని సరిచేసి పబ్లిష్ చేసింది. అప్పటికే ఆ స్క్రిప్ట్ వాడిన నూటయాభైకి పైగా పేపర్ల మీద దీని ప్రభావం ఉండొచ్చని అంచనా వేశారు. స్క్రిప్ట్ రాసినవాళ్లు తెలియనివాళ్లు కాదు, వాళ్లు రాసినప్పటి మెషీన్లలో అది సరిగ్గానే పనిచేసింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సార్ట్ చేసినా, కంప్యూటర్ అక్షరం అక్షరం పోలుస్తుంది కాబట్టి 1 తర్వాత 10 వస్తుంది, ఆ తర్వాతే 2. అందుకే కెమెరా స్టాండర్డ్‌లో 1 అని కాకుండా 0001 అని పెట్టారు. ముందు సున్నాలు ఊరికే పెట్టినవి కావు.

మన తెలుగు పేర్ల సంగతి

ఇప్పుడు ఫైల్‌కి తెలుగులో పేరు పెట్టొచ్చు. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 తయారు చేశారు. అందులో ఒక్కో తెలుగు అక్షర గుర్తుకి 3 బైట్లు. మనకి "స్త్రీ" ఒకే అక్షరం. కంప్యూటర్‌కి అది ఆరు గుర్తులు, 18 బైట్లు. పాత యూనిక్స్ 14 బైట్లలో ఆ ఒక్క అక్షరం కూడా పట్టదు. ఇవాళ్టి లినక్స్‌లో 255 బైట్లంటే 85 తెలుగు గుర్తులు.

ఇంకా తమాషా ఏంటంటే, మన ఐత్వానికి యూనికోడ్‌లో రెండు రకాల రాత ఉంది. ఒకటి మొత్తం ఒకే గుర్తు. రెండోది, పైన ఎత్వం, కింద చిన్న గుర్తు, రెండు ముక్కలుగా. చూడ్డానికి తేడా ఉండదు. 1998 నుంచి మ్యాక్‌లలో ఉన్న హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లని ముక్కలుగా విడదీసి దాచుకునేది. అలాంటి మ్యాక్ నుంచి "హైదరాబాద్" అనే ఫైల్ లినక్స్‌కి తెచ్చి, స్క్రిప్ట్‌లో మీరు టైప్ చేసిన "హైదరాబాద్"తో వెతికితే దొరక్కపోవచ్చు. కళ్లకి ఒకే పేరు, బైట్లలో రెండు పేర్లు. 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇలా విడదీయడం మానేసింది కానీ పాత డిస్కుల్లో పాత పేర్లు అలాగే ఉంటాయి. తెలుగు పేర్లతో స్క్రిప్ట్ రాసేవాళ్లు ముందు పేర్లన్నిటినీ ఒకే రూపంలోకి మార్చుకోవాలి. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఆ పని చేస్తుంది. అలాగని తెలుగు పేర్లు పెట్టొద్దని నేను చెప్పను. మన భాషకి సరిపోయేలా టూల్స్ రాయాల్సింది మనమే.

మరి మనం ఏం చేయాలి?

ఇంట్లో ఫోటోలైనా, ఆఫీస్ రిపోర్టులైనా, స్క్రిప్ట్‌తో పేర్లు మార్చేటప్పుడు నేను పాటించేవి చెప్తా.

ముందు కాపీ తీసుకోండి, ఆ కాపీ మీదే స్క్రిప్ట్ నడపండి. పేర్లు నిజంగా మార్చే ముందు, పాత పేరు ఇది, కొత్త పేరు ఇది అని కేవలం ప్రింట్ చేయించండి. పెర్ల్ రీనేమ్‌లో మైనస్ ఎన్ అని పెడితే ఇదే చేస్తుంది. ఆ లిస్ట్‌లో కొత్త పేరు ఏదైనా రెండుసార్లు వచ్చిందేమో చూడండి. వస్తే ఆగిపోండి. ఆ లిస్ట్‌ని ఒక ఫైల్‌లో దాచుకోండి, రేపు వెనక్కి వెళ్లాలంటే అదే దారి.

నంబర్లు ఒక్కో స్థానం జరపాలంటే చివరి నుంచి మొదలుపెట్టండి. 1ని 2 చేస్తే 2 మీద పడుతుంది. ముందు ఆఖరిది జరిపితే ఖాళీ దొరుకుతుంది. బస్సులో ఒక వరస జనం పక్కకి జరగాలంటే చివర కూర్చున్నవాళ్లే ముందు కదలాలి కదా.

తేదీ పెడితే సంవత్సరం, నెల, రోజు వరసలో, సున్నాలతో పెట్టండి. 2024-03-09 లాగా. అప్పుడు పేర్ల వరసే తేదీల వరస అవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలకైతే ఇంకా జాగ్రత్త. ఫోటో ఎప్పుడు తీశారన్న సమాచారం వాట్సాప్‌లో మామూలుగా పంపేటప్పుడే ఊడిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ ఫైల్ పేరులో ఉన్న తేదీ ఒక్కటే మిగిలిన ఆధారం. అది కూడా ఫోటో మీ దాకా వచ్చిన తేదీ, తీసిన తేదీ కాదు. గుంపుగా పేర్లు మార్చి ఆ తేదీని తుడిచేస్తే, తాతయ్య ఫోటో ఏ ఏడాదిదో ఇక ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు, ఇంట్లో పెద్దవాళ్లని అడగాల్సిందే. కాబట్టి ఆ తేదీని ఉంచి, దాని పక్కన ఫోటోలో ఎవరున్నారో చేర్చండి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే ఆ పని చేయండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఎప్పుడూ పెండింగ్‌లో పెట్టే ఆ ఫోటోల ఫోల్డర్ ఈ ఆదివారం ఓపెన్ చేయండి. ముందు కాపీ తీసుకోవడం మాత్రం మర్చిపోకండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.